ఆయుధ సేకరణము – శరణ ధర్మము

నెల్లూరు సముద్రతీరమున దుగరాజపట్నమను గ్రామము కలదు. 1626వ సంవత్సరమున ఆంగ్ల వర్తకులు అచ్చట కోట కట్టి ఫిరంగులు నిలిపిరి. వారి వ్రాతలలో ఆర్మగాన్ అని కనబడు రేవు అదియే. బట్టలు కొనుటకు వచ్చినవారికి ఫిరంగులతో పని యేమి? లాభమున్నచోట భయముండును, భయమున్నచోట ఆయుధముండును. 1640లో వారు చెన్నపట్నమునకు తరలిపోయిరి.

నాడు వర్తకమునకు ఆయుధము కావలి కాచినది. నేడు ఆయుధమే వర్తక వస్తువైనది. లండన్ వంటి నగరములలో పురాతనాయుధములకే సంతలు జరుగును. దేశదేశముల కటారులు, ఈటెలు, డాళ్లు బల్లలపై పరచియుండగా, సేకర్తలు పిడి పట్టి చూచి, అలుగును వెలుతురునకు త్రిప్పి బేరమాడుదురు. 2023లో టిప్పు సుల్తాను శయనాగారపు ఖడ్గము లండన్ వేలములో కోటీ నలువది లక్షల పౌండ్లకు అమ్ముడుపోయినది. దయను ధర్మమునకు ఆధారముగా నెంచిన బసవేశ్వరుని మార్గమున నడచువాడు అట్టి సంతకు పోవచ్చునా?

తొందరపడి కాదనరాదు. ఆ ఇనుములో కాయకమున్నది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో వండిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారని 19వ శతాబ్దమున వాయిసీ అను ఆంగ్లేయుడు వ్రాసినాడు. జగత్ప్రసిద్ధములైన డమాస్కసు కత్తులకు ఇట్టి ఉక్కే ప్రాణము. సంతలో కత్తి పట్టిన రాజు పేరు పలుకును. ఉక్కు వండిన కమ్మరి పేరు పలుకదు. ఆ అజ్ఞాత కాయకమును గుర్తించి భద్రపరచువాడు దోషి కాడు.

అయితే ఆ అలుగునకు మరియొక చరిత్ర కలదు. యుద్ధమున రక్తము చూచిన కత్తి యనగానే వెల పెరుగును. పరుని బాధ తనకు అలంకారమగుచున్నదా యని సేకర్త తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. తాళము వేసిన గదిలో తానొక్కడే చూచి మురియుట సంగ్రహము. పదిమందికి చూపి చరిత్ర నేర్పుట దాసోహము. మూడవ సాలార్‌జంగు కూర్చిన వస్తువులు ఆయన మరణానంతరము 1951లో హైదరాబాదున ప్రజలకు దర్శనీయములైనవి. ఆయుధములు గూడ వానిలో నున్నవి.

ఇక మన యిండ్ల మాట. వీరభద్రుని ఉత్సవమున ఖడ్గము పట్టి దండకము చదువు ఆచారము తెలుగునాట ఉన్నది. ఆ ఖడ్గము ఒక్కని సొత్తు కాదు. తాతలు అప్పగించిన పూజాంగము. దానికి వెల చెప్పువాడు వచ్చినపుడు, అవసరమెంతటిదైనను, దానిని మఠమునకో బంధువులకో అప్పగించుట మేలు. నూరేండ్లు దాటిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదని 1972 నాటి పురావస్తు చట్టము గూడ చెప్పుచున్నది. అయితే చట్టభయము కన్న మనస్సాక్షి ముందు నిలువవలెను.

కల్యాణమున విప్లవము చెలరేగినపుడు మడివాళ మాచయ్య మొదలగు శరణులు ఆయుధము పట్టి వచనములను కాపాడిరని పరంపర చెప్పుచున్నది. ఆ ఖడ్గములు నేడెచ్చట నున్నవో ఎవ్వరును ఎరుగరు. వచనములు మాత్రము నిలిచినవి. ఆ శరణులు ఖడ్గమును దాచలేదు, ఖడ్గముతో దాచవలసినదానిని దాచిరి. సంతలో అలుగును చేత బట్టువాడు ఈ భేదమును మరువకున్న చాలును.