గాటు పడని పట్టు

పిల్లికూన మెడ వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగి వదిలితే, ఒంట్లో నీళ్ళున్న కూనకైతే అది చిటికెలో సర్దుకుంటుంది. ఆ రాత్రి నా వేళ్ళ మధ్య లేచిన చర్మం లేచినట్టే నిలబడిపోయింది. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టుకున్నాను. మూడు దాటాక మెల్లగా, ఇష్టం లేనట్టు కిందికి దిగింది. చిగుళ్ళు చూద్దామని పెదవి పైకెత్తితే వేలికి తడి తగల్లేదు. లోపల సున్నం కొట్టిన గోడ రంగు.

ఏడు వారాల కూన. నల్లది. నుదుట గోరంత తెల్లమచ్చ. మా ఇంటి వెనక మగ్గాల షెడ్డులో, వేస్టు నూలు కుక్కిన గోనెసంచి మీద పుట్టిన రెండింటిలో ఒకటి. మా వీధిలో పసిపిల్లలకు మగ్గం చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుంది. ఈ కూనలూ అంతే, రాత్రి కరెంటు పోయి మగ్గాలు నిలిచిపోతే అప్పుడు లేచి అరిచేవి. తల్లిపిల్లిని మాది అనలేను. పెరుగన్నం పెడితే తిని పోయేది. ఆ వారం మొదట్లో అది బలంగా ఉన్న కూనను నోట కరుచుకుని మా అటక మీదికి చేర్చింది. దీన్ని మాత్రం దొడ్డివాకిలి మెట్టు దగ్గర వదిలేసింది. రెండుసార్లు వచ్చింది, వాసన చూసింది, వెళ్ళిపోయింది.

ఆ వెళ్ళిపోవడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. వాంతులు, విరేచనాలు, తిండి ముట్టకపోవడం ఇవన్నీ కళ్ళకు కనిపించే సంగతులు. కానీ కన్నతల్లి చూసి చూసి ఒక తీర్మానం చేసుకుని వెళ్ళిపోయాక, మధ్యలో నేనెవర్ని? దానికి తెలిసింది నాకు తెలియదు. జబ్బుపడిన కూన దగ్గరే కూర్చుంటే బతికే కూనకు పాలెవరిస్తారన్న లెక్క దానికి ఒంట్లోనే ఉండొచ్చు. నాకు అలాంటి లెక్క ఏదీ లేదు. మెట్టు మీద ఒకటి అరుస్తోంది, నేను విన్నాను, అంతే.

చిన్నప్పుడు నారాయణవనం గుడి మండపంలో ఒక ఉపన్యాసం విన్నాను. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది. తల్లి ఎంత ఎగిరినా పట్టు వదలని బాధ్యత పిల్లదే. అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ పట్టుకోదు. మెత్తగా వేలాడుతుంది, తల్లే నోట కరుచుకుని మోస్తుంది. అది మార్జాల కిశోర న్యాయం. భగవంతుణ్ణి చేరడానికి మన ప్రయత్నం కొంతైనా కావాలని వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలై వాళ్ళు, ఆయన దయ ఒక్కటే చాలని పిళ్ళై లోకాచార్యుల దారిలో నడిచే తెంగలై వాళ్ళు శతాబ్దాలుగా వాదించుకుంటున్నారని ఆ పెద్దాయన చెప్పాడు. నాకు పిల్లి మాటే నచ్చింది. ఏమీ చెయ్యకుండా వేలాడితే చాలునంటే ఏ పిల్లకు నచ్చదు?

ఇన్నేళ్ళకు, ఒళ్ళో చల్లబడుతున్న కూనను పెట్టుకుని కూర్చున్న ఆ రాత్రి తోచింది. నేను విన్నదంతా పిల్ల వైపు నుంచి చెప్పిన మాటే. పిల్ల పట్టుకోవాలా, వదిలెయ్యాలా అన్నదే ప్రశ్న. మోసేదాని సంగతి మండపంలో ఎవరూ అడగలేదు. ఎలుక వెన్ను విరిచే పళ్ళు, కూన మెడను పట్టే పళ్ళు వేరువేరు కావు. ఒక్క పిసరు ఎక్కువ నొక్కితే గాటు పడుతుంది. ఒక్క పిసరు తక్కువైతే గోడ మీంచి కూన జారిపోతుంది. ఆ కొలత ఎంతో తల్లిపిల్లికి పుట్టుకతో తెలుసు. నాకెవరు నేర్పుతారు?

నేర్పేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో ఆ సాయంత్రమే చూశాను. ఒళ్ళు కాలుతున్నట్టుందని, మందుల షాపులో అడిగితే పసిపిల్లల జ్వరం చుక్కలు ఇచ్చారు. పసిబిడ్డకు పనికొచ్చేది ఈ చిన్న ప్రాణికి పనికిరాదా అనుకున్నాను. మూత తీసి చుక్కల గొట్టం నోటి దగ్గర పెట్టాక, ఎందుకో చెయ్యి ఆగింది. ఊళ్ళో పశువుల డాక్టరుకు ఫోను చేశాను. "పారాసిటమాలా? ఆ పని చెయ్యొద్దమ్మా, అది పిల్లికి విషం" అన్నాడాయన. మనిషి కాలేయం ఆ మందును విరగ్గొట్టి బయటికి పంపే పద్ధతి పిల్లి కాలేయంలో చాలా తక్కువ. విరగని మందు రక్తాన్ని ప్రాణవాయువు మొయ్యలేనట్టు చేస్తుంది. చిన్న కూనకు ఒక్క మోతాదు చాలు. ప్రేమతోనే, నా చేత్తోనే చంపి ఉండేదాన్ని. ఆ సీసా ఇప్పటికీ పారెయ్యలేదు, అలమర పై అరలో ఉంది.

ఆవుపాలు కూడా పొయ్యొద్దన్నాడు. విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయట. సాయంత్రం కాలినట్టున్న ఒళ్ళు రాత్రికి చల్లబడితే ముందు వెచ్చదనం, ఆ తర్వాతే నోట్లోకి ఏదైనా, చల్లగా ఉన్న కడుపు దేన్నీ అరిగించుకోలేదు అన్నాడు. వేణ్ణీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టమన్నాడు. సూది తీసేసిన సిరంజితో ఓఆర్ఎస్ నీళ్ళు బుగ్గ పక్కనుంచి బొట్టుబొట్టుగా వెయ్యమన్నాడు. "తెల్లారగానే తిరుపతి కాలేజీకి తీసకపోండి. మా దగ్గర ఎక్కువగా ఆవులు, మేకలే."

మా పుత్తూరు పేరు చెబితే తెలుగువాళ్ళకు, తమిళులకు గుర్తొచ్చేది కట్టు. బొమికలు విరిగినవాళ్ళను చెన్నై నుంచి, బెంగళూరు నుంచి ఇక్కడికే మోసుకొస్తారు. ఊరి పక్క ఈశ్వరాపురంలో, రాచపాలెం అని కూడా అంటారు, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుడతారు. ఈ వైద్యం 1881లో కేశవరాజు మొదలుపెట్టాడని చెబుతారు. ఎట్లా మొదలైందంటే ఒక కథ ఉంది. వేటలో కొట్టిన కుందేలును ఆయన ఏవో ఆకుల్లో చుట్టి ఇంటికి తెచ్చాడట. మూట విప్పితే విరిగిన కాలు అతుక్కుని కుందేలు లేచి పరుగెత్తిందట. జరిగిందా లేదా అని నేను వాదించను. ఊరికి పేరు తెచ్చిన వైద్యానికి మొదటి రోగి మనిషి కాదు, కూరకు తెచ్చిన కుందేలు అని ఈ ఊరే చెప్పుకుంటోంది. నాకు అది చాలు. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి "ఏంటికక్కా, పిల్లికూనకు తిరప్తికి పోతారా? ఆ దుడ్లు ఏ బీదోళ్ళకిచ్చినా పున్నెమొస్తుంది" అన్నప్పుడు నాకు ఈ కథే నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

ఆమె అన్నది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. కరెంటు కోతలకు మగ్గాలు ఆగి, కూలి సగమైన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. అయినా నిజం చెప్పుకోవాలి. పిల్లి మీద పెట్టకుండా మిగుల్చుకున్న రూపాయి ఇంతవరకు నా చేతిలోంచి తనంతట తాను నడిచి ఏ బీదవాళ్ళ ఇంటికీ పోలేదు. ఇచ్చే అలవాటున్న చెయ్యి రెండు చోట్లా ఇస్తుంది. లేని చెయ్యి ఒక చోటును చూపించి రెండో చోట తప్పించుకుంటుంది. నేను రెండో రకం పనులు చాలా చేశాను కాబట్టే ఈ మాట అనగలుగుతున్నాను.

పొద్దున్నే మామిడికాయల వెదురుబుట్టలో పాత లుంగీ పరిచి, కూనను, వేణ్ణీళ్ళ సీసాను పెట్టుకుని అమ్మా నేనూ బస్సెక్కాం. వడమాలపేట దాటేవరకు అది అరుస్తూనే ఉంది. ఆ తర్వాత అరవలేదు. అరుపు కంటే ఆ మౌనానికే నా గుండె ఎక్కువ కొట్టుకుంది. శేషాచలం కొండల కింద ఉన్న తిరుపతి పశువైద్య కళాశాల 1955 నాటిది. 2005 నుంచి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడి ఆసుపత్రికి ఎద్దులూ వస్తాయి, కుక్కలూ వస్తాయి. మా ముందు ఒక రైతు ఈనలేక అవస్థపడుతున్న మేకను భుజాల మీద వేసుకుని నిలబడ్డాడు. బుట్టలోకి తొంగి చూసి, పక్కకు జరిగి మాకు చోటిచ్చాడు.

చీటీ రాసేచోట రెండు గడులు. పశువు పేరు. యజమాని పేరు. ఏడు వారాలుగా దానికి పేరు పెట్టలేదు. పెడితే ఉండిపోతుందని అమ్మ పెట్టనివ్వలేదు. నుదుటి మచ్చను చూసి "బొట్టు" అన్నాను. రెండో గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. అన్నం పెట్టడానికి యజమాని కానక్కర్లేదు. ముద్దు చెయ్యడానికి కానక్కర్లేదు. దాని ఒంట్లోకి సూది దింపమని చెప్పడానికి మాత్రం ఎవరో ఒకరు యజమాని కావాలి. నా పేరు రాశాను.

ఒళ్ళు 97 డిగ్రీలుంది. పిల్లికి నూటొకటి అటూ ఇటూ ఉండాలట. రక్తంలో తెల్లకణాలు దాదాపు లేవు. పాన్‌ల్యూకోపీనియా అన్నారు. తెల్లకణాలన్నీ తగ్గిపోవడమని ఆ పేరుకే అర్థం. కుక్కలకొచ్చే పార్వో కుటుంబపు వైరస్సే. వేగంగా పుట్టే కణాలనే వెతుక్కుని పోతుంది కాబట్టి పేగుల లోపలి పొరను, ఎముకల్లో మూలుగను దెబ్బ తీస్తుంది. వైరస్సును నేరుగా చంపే మందు వాడుకలో లేదు. సెలైను, వాంతులు ఆగే ఇంజెక్షను, వేరే క్రిములు దాడి చెయ్యకుండా యాంటీబయాటిక్, వెచ్చదనం. వీటితో శరీరానికి కొన్ని రోజులు గడువు ఇప్పించడమే వైద్యం. "చిన్న కూన. ఆశ తక్కువే. కానీ లేకపోలేదు" అన్నారు డాక్టరమ్మ. ఆమె ఆ రెండు వాక్యాలూ ఒకే గొంతుతో చెప్పింది. అందుకు ఆమెకు ఈనాటికీ రుణపడి ఉన్నాను.

ముందుకాలికి గొరిగిన చోట నరం దారం కంటే సన్నంగా ఉంది. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దొరకలేదు. మూడోసారి కూన నోరు తెరిచింది, అరుపు మాత్రం రాలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు మే. నువ్వు దాని కోసరం చేస్తావుండావా, నీ కోసరమా?"

కోపం వచ్చింది. అప్పుడు ఒక జవాబు కూడా చెప్పాను, అది జవాబు కాదని చెబుతున్నప్పుడే తెలుసు. మూడు రోజులు వరసగా తిరిగాం. రాత్రుళ్ళు గంటకోసారి లేచి సీసాలో నీళ్ళు మార్చేటప్పుడు అమ్మ మాటే చెవిలో తిరిగేది. దానికి రేపు అన్నది తెలియదు. "ఈ నొప్పి ఓర్చుకో, బాగవుతుంది" అని మనిషికి చెప్పుకోగలం. చెప్పడంలో సగం నొప్పి పంచుకుంటాం. కూనకు ఉన్నదల్లా ఇప్పుడు గుచ్చుకుంటున్న సూది. రేపటిమీద ఆశ మొత్తం నాది, ఈరోజు నొప్పి మొత్తం దానిది. ఆ పంపకంలో అన్యాయం ఉంది. అన్యాయమని తెలిసి కూడా చెయ్యాల్సిన రోజులు ఉంటాయి, మొదటి రోజు అలాంటిదే. అదే పని మూడో రోజుకు వేరే పని అయిపోవచ్చు. ఎప్పుడు మారిందో గమనించడమే కష్టం.

మూడో రోజు సాయంత్రం మళ్ళీ రక్తం చూశారు. కణాలు పెరగలేదు. విరేచనంలో రక్తం పడుతోంది. "రేపు రమ్మంటారా?" అని అడిగాను. డాక్టరమ్మ నా కళ్ళలోకి చూసి, "వస్తే చూస్తాం. రాకపోయినా తప్పు చేసినట్టు కాదు" అంది. మర్నాడు బుట్ట తియ్యలేదు.

తిరువణ్ణామలై రమణాశ్రమంలో లక్ష్మి అనే ఆవు సమాధి ఉంది. 1948 జూన్ 18న అది పోయేటప్పుడు రమణ మహర్షి పక్కన కూర్చుని దాని తల మీద చెయ్యి పెట్టారు. అరుణాచలం గిరి ప్రదక్షిణకు పోయినప్పుడల్లా ఆ సమాధి దగ్గర దండం పెట్టుకుని వచ్చేదాన్ని, ఆవు కదా, లక్ష్మి కదా అని. ఆ రాత్రి నా అరచెయ్యి కింద కూన తల ఉసిరికాయంత ఉంది. అప్పుడర్థమైంది, అక్కడ ఆయన చేసిన పనిలో మహిమ కోసం వెతకక్కర్లేదు. చెయ్యగలిగింది అయిపోయాక కూడా లేచి వెళ్ళిపోకపోవడం అది. తల్లిపిల్లి చెయ్యలేని ఆ ఒక్క పని నేను చెయ్యగలను. దానికి ఇంకో కూన ఉంది, నాకు తీరిక ఉంది.

తెల్లవారుజామున నాలుగింటికి మగ్గాలు మొదలయ్యాక పోయింది. వేపచెట్టు కింద మోకాలి లోతు తవ్వాం.

ఏడుస్తూ కూర్చునే వీలు లేకపోయింది. ఆ వైరస్సు ఇంట్లో ఏడాది దాకా బతుకుతుంది, మామూలు సబ్బుకు చావదు. ఫినాయిల్ పిల్లులకే విషం. బ్లీచింగ్ నీళ్ళతో మెట్లు, షెడ్డు మూల కడిగి ఆరబెట్టాం. లుంగీ, తువ్వాలు, బుట్ట కాల్చేశాం. అటక మీది కూనకు వయసు రాగానే మొదటి టీకా వేయించాం. తర్వాత మూడు వారాలకు రెండోది. బొట్టుకు ఆ టీకా వేయించే వయసు రాకముందే జబ్బు వచ్చింది. ఆ మాట డాక్టరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది, నేను రెండుసార్లు అడిగాను కాబట్టి.

తల్లిపిల్లి మళ్ళీ పెరుగన్నానికి వస్తోంది. దాని మీద నాకున్న కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. బతికిన కూన ఇప్పుడు మా గడపలోనే తిరుగుతోంది. రోజూ పొద్దున దాని మెడ చర్మం రెండు వేళ్ళతో లాగి వదలడం నాకు అలవాటైపోయింది. చర్మం అలా లేచి ఇలా పడుతుంది. కూన మాత్రం విసుక్కుని వెనక్కి తిరిగి నా వేలు కరుస్తుంది. సూదుల్లాంటి పళ్ళే. కాసేపు నోట్లో పట్టుకుని వదిలేస్తుంది. వేలు చూసుకుంటాను, గాటు ఉండదు.