గాయపరిచే మాటను గ్రంథాలయం ఏం చేయాలి?

మా అధ్యయన బృందంలోని ఒక అమ్మాయి విశ్వవిద్యాలయంలో జపనీస్ భాష చదువుతోంది. జపాన్ దేశపు అంటరానివారైన బురాకు ప్రజల గురించి మేము ఇన్నాళ్లూ ఇంగ్లీషులో దొరికిందే చదువుకున్నాము. వాళ్ల భాషలో వాళ్లు ఏం రాసుకున్నారో తెలుసుకోవాలని ఒకరోజు ఆ అమ్మాయి వెంట గ్రంథాలయానికి వెళ్లాము. అక్కడ జపనీస్ పుస్తకాలు ఒక మూల నాలుగు అరల్లో ఉన్నాయి. మాకు కావలసినవి వాటిలో లేవు. అప్పుడు ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని జపాన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాల ఉమ్మడి పుస్తక సూచికను తెరిచింది. దాని పేరు సైనీ. ఏ పుస్తకం ఏ విశ్వవిద్యాలయంలో ఉందో అది చెబుతుంది.

మేము వెతికింది తకహాషి సదకి రాసిన బురాకు చరిత్ర. 1924లో, 19 ఏళ్ల వయసులో ఆయన దాన్ని ప్రచురించాడు. 1992లో ఇవనామి సంస్థ మళ్లీ అచ్చువేసినప్పుడు పుస్తకం పేరులో 'హిసబెత్సు బురాకు' అని పెట్టింది. వివక్షకు గురైన పల్లె అని దాని అర్థం. 1924 నాటి పేరులో ఉన్న మాట వేరు. అది 'తొకుషు బురాకు', అంటే ప్రత్యేకమైన పల్లె. అర్థం చూస్తే అందులో తప్పేమీ కనబడదు. కాని అధికారులు, పత్రికలు ఒక జనాన్ని వేరుచేసి చూపడానికి వాడి వాడి దాన్ని తిట్టుగా మార్చారు. తొలి ముద్రణను పేరుతో వెతకాలంటే ఆ పాత మాటే కొట్టాలి. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "ఈ మాట కొట్టమంటారా సార్?" అని అడిగింది.

కొట్టమన్నాము. కాని ఆ ప్రశ్న మాతోపాటే ఇంటికి వచ్చింది. గాయపరిచే మాట గ్రంథాలయంలో ఉండాలా? ఉంటే ఎవరి కోసం ఉండాలి? ఈ ప్రశ్న జపాన్‌ది మాత్రమే కాదని తర్వాత మాకు అర్థమైంది.

తోలు పని, చచ్చిన పశువులను మోసే పని చేసినవారిని పాత జపాన్‌లో 'ఎతా' అన్నారు. దాన్ని రాసే అక్షరాలకు 'మైల ఎక్కువ' అని అర్థం. మరికొందరిని 'హినిన్' అన్నారు, అంటే మనిషి కానివాడు. 1871లో ప్రభుత్వం ఈ పేర్లను రద్దు చేసింది. మరుసటి ఏడాది కుటుంబ నమోదు పుస్తకాలు తయారైనప్పుడు కొన్నిచోట్ల వీళ్ల పేర్ల పక్కన 'కొత్త సామాన్యుడు' అని రాశారు. పాత మాట పోయింది, పాత గుర్తు ఉండిపోయింది. పెళ్లి సంబంధాలు చూసేవారు, ఉద్యోగాలిచ్చేవారు దాదాపు వందేళ్లు ఆ పుస్తకాలు తిరగేశారు. 1968లో గాని వాటిని చూడకుండా ఆపలేదు. ఆ తలుపు మూసినా ఇంకో తలుపు తెరుచుకుంది. బురాకు పల్లెల పేర్లు, ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎన్ని ఇళ్లు, ఏం పని చేస్తారు అన్న వివరాలతో జాబితా పుస్తకాలు తయారుచేసి కంపెనీలకు రహస్యంగా అమ్మారు. 1975లో ఆ సంగతి బయటపడింది. కొన్న కంపెనీలు రెండు వందలకు పైనే.

ఇంతవరకు చదివినప్పుడు మాకు కోపం వచ్చింది. ఆ తర్వాత చదివిన దానికి సిగ్గేసింది.

జపాన్‌లో మనిషి చనిపోతే బౌద్ధాలయం అతనికి ఒక ధమ్మనామం ఇస్తుంది. సమాధి రాయి మీద, ఆలయపు మృతుల పుస్తకంలో ఆ పేరు చెక్కుతారు, రాస్తారు. బురాకు మృతులకు ఇచ్చిన పేర్లలో పశువు, తోలు, నీచం అనే అర్థాల అక్షరాలు ఇరికించిన ఆలయాలు ఉన్నాయి. చచ్చిన తర్వాత కూడా కులం వదలలేదన్నమాట. ఆ అక్షరాల్లో ఒక మాటను ఆ అమ్మాయి చదివి ఆగిపోయింది. 'సెందరా'. అది జపనీస్ మాట కాదు. మన 'చండాల' శబ్దమే బౌద్ధ గ్రంథాల వెంట చైనాకు వెళ్లి, చైనా నుంచి జపాన్ చేరి ఆ రాయి మీద కూర్చుంది.

అమితాయుర్ధ్యాన సూత్రంలో ఒక ఘట్టం ఉంది. అజాతశత్రువు కన్నతల్లి మీద కత్తి ఎత్తుతాడు. మంత్రి, వైద్యుడు జీవకుడు అడ్డుపడతారు. రాజ్యం కోసం తండ్రులను చంపిన రాజులున్నారుగాని తల్లిని చంపినవాడు లేడని, అలా చేస్తే క్షత్రియ వర్ణానికి మచ్చ అని, అది చండాలుడి పని అని వారంటారు. హత్య ఆగింది, మంచిదే. కాని ఆపడానికి వాడిన తూకపురాయి ఏమిటో చూడండి. రాజకుమారుడు చేయబోయిన పాపానికి, ఏ పాపమూ ఎరగని చండాలుడి పేరు పెట్టారు. జపాన్ వ్యాఖ్యాతలు ఈ మాట దగ్గరికి వచ్చి, సెందరా అంటే మన ఎతాలేనని జనానికి విడమరిచి చెప్పారు. ఆ సూత్రాన్ని నిత్యం పఠించే జొదో షిన్ శాఖలోనే బురాకు భక్తులు ఎక్కువమంది. తమను తిట్టే మాటను తామే భక్తితో పఠించారు. ఆ వాక్యాన్ని ఏం చేయాలన్న చర్చ ఆ శాఖలో దశాబ్దాలుగా నడుస్తోంది.

కులం నుంచి బయటపడటానికి బుద్ధుణ్ణి ఆశ్రయించినవాళ్లం మనం. పుట్టుకతో ఎవడూ నీచుడు కాడని వసల సుత్తంలో చెప్పినవాడు ఆయన. ఆ బుద్ధుడి పేరు మీద ఉన్న గ్రంథమే మన ఊరి తిట్టును సముద్రం దాటించింది. ఈ సంగతి పత్రికలో రాయాలా, వద్దా అని మేము చాలాసేపు మాట్లాడుకున్నాము. "మన ఇంటి గుట్టు మనమే బయటపెట్టుకుంటే ఎలా?" అని ఒక మిత్రుడు అన్నాడు.

దాస్తే ఏమవుతుందో జపాన్ చరిత్రే చెప్పింది. 1979లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జరిగిన ప్రపంచ మతాల శాంతి సభలో సోతో జెన్ శాఖ పెద్ద మచిదా మునేవో, జపాన్‌లో బురాకు వివక్ష లేదన్నాడు. నివేదికలోంచి ఆ ప్రస్తావన తీసేయాలని కోరాడు. స్వదేశంలో బురాకు సంఘాలు నిలదీశాయి. 1984లో నైరోబీ సభలో అదే పెద్దమనిషి నిలబడి తన తప్పు ఒప్పుకున్నాడు. ఆ నిలదీత తర్వాతే సోతో శాఖ తన ఆలయాల్లోని మృతుల పుస్తకాలను, సమాధులను వెతికి, అవమానపు పేర్లను గుర్తించి మార్చే పనికి దిగింది. రాతలు మిగిలి ఉండబట్టే అబద్ధం ఓడిపోయింది. అదే సమయంలో, ఎవరు పడితే వారు వచ్చి వంశాలు తవ్వకుండా ఆ మృతుల పుస్తకాలను బయటివారికి చూపడం ఆపేశారు. సాక్ష్యాన్ని ఉంచారు, దానితో మనిషిని వేటాడే దారిని మూశారు.

అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తూర్పు ఆసియా గ్రంథాలయం ఉంది. అక్కడ పాత జపాన్ పటాలు వందలాదిగా ఉన్నాయి. వాటిలో కొన్నింటిని డిజిటల్ చేసి గూగుల్ ఎర్త్‌లో నేటి నగరాల మీద పరిచారు. పాత పటంలో 'ఎతా ఊరు' అని రాసి ఉన్నచోట ఇవాళ ఏ వీధి ఉందో ఎవరైనా చూడగలిగారు. 2009లో అభ్యంతరాలు రాగా ఆ బొమ్మల్లో ఆ మాటను చెరిపేశారు. అప్పుడు బురాకు కార్యకర్తల్లోనే కొందరు బాధపడ్డారు. చెరిపేయడమంటే అక్కడ మనుషులే లేరన్నట్టు కాదా అన్నారు. చరిత్ర ఏమిటో వివరిస్తూ పటాన్ని చూపండి, వివరణ లేకుండా గోడకు తగిలించకండి అన్నదే వారి వాదన.

మేము న్యాయశాస్త్రం చదివినవాళ్లం. దస్తావేజు బహిరంగంగా ఉండటమే న్యాయమని నమ్ముతూ వచ్చాము. కాని ఇక్కడ చట్టం కంటే అభయ రాజకుమార సుత్తం మాకు ఎక్కువ సాయపడింది. వినేవారికి కటువుగా ఉండే మాట తథాగతుడు అంటాడా అని రాకుమారుడు అడుగుతాడు. అతని ఒడిలో పసిబిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ గొంతులో రాయి అడ్డంపడితే ఏం చేస్తావని బుద్ధుడు తిరిగి అడుగుతాడు. రక్తం వచ్చినా సరే తీసేస్తానంటాడు రాకుమారుడు. మాట నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, అప్పుడు కూడా సమయం చూసి పలకాలి. బుద్ధుడు చెప్పిన కొలత ఇది.

ఆ కొలతతో చూస్తే పాత పుస్తకం పేరు మార్చకూడదు. అది నాటి సమాజం తన చేత్తో రాసిచ్చిన వాంగ్మూలం. సూత్రంలోని మాటనూ చెరపకూడదు. చదివేవారికి దాని కథ చెప్పాలి. బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టించారు. ఆ తర్వాత జీవితాంతం అదే మనుస్మృతిని శ్లోకాల సంఖ్యలతో సహా చూపిస్తూ వాదించారు. ఆయన దహించింది దాని అధికారాన్ని. సాక్ష్యాన్ని తన గ్రంథాలయంలోనే ఉంచుకున్నారు. అయితే బతికున్న మనిషి ఇంటివైపు వేలు చూపే జాబితా వేరు. అది నిజమే కావచ్చు. దానివల్ల మేలు ఎవరికి?

ఈ ప్రశ్న మా విహారంలోకే వచ్చింది. మా దగ్గర పాత దీక్షా పుస్తకం ఒకటి ఉంది. పేరు, వయసు, ఊరు, దీక్షకు ముందటి కులం అని గళ్లు గీసి ఉంటాయి. బౌద్ధులైన దళితులకు 1990లో షెడ్యూల్డ్ కులాల హోదా దక్కింది. ధ్రువపత్రాల కోసం తిరిగేవారికి ఆ నాలుగో గడి అవసరమని అప్పట్లో మేమే రాయించాము. ఇటీవల యువకులు ఆ పుస్తకాన్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడదామన్నారు. మన చరిత్ర లోకానికి తెలుస్తుందన్నారు. మేము సరేనన్నాము కూడా.

గ్రంథాలయం నుంచి వచ్చాక ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచాము. అందులో ఉన్న ఒకాయన కొడుకు నగరంలో అద్దె ఇంటి కోసం తిరుగుతున్నాడు. ఇంటివాళ్లు కులం అడగరు. "ఇంటిపేరేమిటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" అని అడుగుతారు. ఆ మూడు ప్రశ్నలకు మా పుస్తకం ఒక్క పేజీలో జవాబు చెబుతుంది. జపాన్ కంపెనీలు డబ్బిచ్చి కొన్న జాబితాను మేము ఉచితంగా ఇవ్వబోయాము.

అందరినీ పిలిచి అడిగాము. ఆ అబ్బాయి వద్దన్నాడు. ఒక ముసలమ్మ మాత్రం, "నా పేరు వేయండయ్యా, ఊరు పేరు కూడా వేయండి. దాచుకోవడానికి నేనేమన్నా దొంగతనం చేశానా?" అంది. 1922 మార్చి 3న క్యోటోలో సుయిహెయిషా పెట్టిన బురాకు యువకులు అన్నదీ ఇదే. తమను తిట్టిన పేరునే తమ ప్రకటనలో గర్వంగా చెప్పుకున్నారు. మన దగ్గర పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నవారు చేసిందీ అదే. ఎవరి పేరు వారు చెప్పుకుంటే అది ధైర్యం. వారి తరఫున మేము చెబితే అది చాడీ.

చివరికి పుస్తకాన్ని బీరువాలో ఉంచాము. ఇంకో నకలు వేరేచోట పెట్టాము, కాలిపోయినా, తడిసినా సాక్ష్యం పోకూడదని. అందులో ఉన్నవారు, వారి పిల్లలు వచ్చి తమ పేజీ చూసుకోవచ్చు. పరిశోధన కోసం వచ్చినవారికి పేర్లు కప్పి చూపుతాము. వేయమన్నవారి పేర్లనే, వారి మాటల్లోనే ప్రచురిస్తాము. ఆ ముసలమ్మ కథ మొదటిది.

మీ విహారంలోనూ ఇలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. దాన్ని చింపకండి, తొందరపడి తెరవకండి. అందులో పేరున్నవారిని ముందు అడగండి.