మౌనము దేనికొరకు?

పలుకకుండుట గొప్ప తపస్సని పెద్దలు చెప్పుదురు. కాని పలుకకపోవుటయే తపస్సైనచో ఊరి వెలుపలి బండరాయి అందరికంటె గొప్ప తపస్వి కావలెను గదా! కోపముతో మూతి ముడుచుకొన్నవాడును పలుకడు. భయముచే అన్యాయమును చూచి తప్పుకొనువాడును పలుకడు. కావున మౌనమును దేనికొరకు పాటించుచున్నామో దానినిబట్టియే దాని విలువ నెంచవలెను. దశదిన విపశ్యనా శిబిరమునకు తొలిసారి పోయినప్పుడు ఈ విషయమై నాకు కలిగిన ఆలోచనలను పాఠకమహాశయుల ముందుంచుచున్నాను.

బర్మాదేశమున సయాజీ ఊ బా ఖిన్ గారివద్ద 1955లో ఈ సాధనను నేర్చిన సత్యనారాయణ గోయెంకాగారు 1969లో భారతదేశమునకు వచ్చి బోధింప నారంభించిరి. మహారాష్ట్రమున ఇగత్పురి యందును, మన హైదరాబాదు సమీపమున నాగార్జునసాగరు మార్గమునందును కేంద్రములు గలవు. వారు 2013లో గతించినను వారి ధ్వనిముద్రిత బోధనలతోనే శిబిరములు నడచుచున్నవి.

వేకువన 4 గంటలకు గంట మ్రోగును. రాత్రి 9 గంటలలోపల సుమారు 10 గంటలు ధ్యానమునకే చెల్లును. మొదటి మూడు దినములు సహజమైన శ్వాసను, నాల్గవనాటినుండి దేహమందలి సంవేదనలను గమనింపవలెను. తోటి సాధకులతో మాటయే కాదు, సైగయు, వ్రాతయు కూడదు. సందేహమున్నచో ఆచార్యుని అడుగవచ్చును. అసత్యమాడరాదనుట అచ్చట స్వీకరించు శీలములలో నొకటి. పలుకనివానికి అసత్యమాడు అవకాశము తగ్గును. మౌనము ఆ శీలమునకు కంచె వంటిది.

అయితే నోరు మూసినంతనే లోపలి మాట ఆగదు. అప్పుడే అది స్పష్టముగా వినబడును. పాఠము చెప్పుటయే వృత్తిగా గల నాకు రెండవనాటికే, ఎన్నడో ముగిసిన వాదములకు క్రొత్త సమాధానములు మనస్సున వరుసకట్టెను. వానిని ఊరక గమనించగా, సత్యము తెలుపుటకై పుట్టినవి కొన్ని, గెలుచుటకై పుట్టినవి పెక్కు అని తోచినది. ఈ భేదమును ఎరుకపరచుటయే మౌనము చేయు ఉపకారము.

ఇచ్చట మనవారికి ఒక సంకటము గలదు. శిబిరకాలమున పూజ, జపము మొదలగునవి నిలుపవలెనను నియమమున్నది. నిత్యము ఇష్టలింగార్చన చేయువారికి ఇది సామాన్యమైన కోరిక కాదు. నేను పెద్దలతో యోచించి, ఆ నియమమున కంగీకరించియే పోయితిని. అంగీకరింపజాలక మానుకొన్నవారిని నేను తప్పుపట్టను. వారి నిష్ఠ గౌరవింపదగినది. కాని సమ్మతి తెలిపి లోపలికి పోయి, గదిలో చాటుగా పూజించుట మాత్రము తగదు. అది నోరు మెదపకయే ఆడు అసత్యము.

కాయకమును విడిచి పది దినములు కూర్చుండుట పలాయనము గాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఊ బా ఖిన్ గారు సన్న్యాసి కారు, గృహస్థులు. 1948లో స్వతంత్ర బర్మాకు అకౌంటెంటు జనరలు పదవి నధిష్ఠించి, ఉద్యోగము చేయుచునే ధ్యానమును బోధించిరి. కావున ధ్యానమునకును కర్తవ్యమునకును సహజవైరము లేదు. అయినను ఇంట రోగి మంచముపై నుండి, పరిచర్యకు మరొకరు లేనప్పుడు, వారిని విడిచి పోవుట సాధన అనిపించుకొనదు. అప్పుడు ఆ పరిచర్యయే ముందు చేయవలసిన పని.

పదవనాటి ఉదయము మౌనము విడుతురు. మరునాడు ఇండ్లకు పంపుదురు. అసలు పరీక్ష అటుపిమ్మటనే. ఎదుటలేనివానిని నిందింపబోవు మాట నాలుకపైకి వచ్చినప్పుడు దానిని ఆపగలుగుచున్నామా? తరగతిలో బలహీనుడైన బాలుని తోటివారు ఎగతాళి చేయుచున్నప్పుడు నోరు తెరచి వారింపగలుగుచున్నామా? ఈ రెండును మౌనమునకు ఫలములే. మొదటిదానిని మాత్రము నేర్చి రెండవదానిని విడిచినవాడు సగము పాఠమే చదివినవాడు. శిబిరమునకు పోవువారును, పోలేక ఇంటనే యుండువారును తమ దినచర్యలో ఈ రెండు ప్రశ్నలను వేసికొనుచుండవలెనని నా మనవి.