కట్టివేయుట కరుణ యగునా?

ఆశ్రయించిన ప్రాణిని కాపాడుట ధర్మమని అందరును ఒప్పుకొందురు. కాని ఆ కాపాడుట కొరకే దానిని బంధింపవలసి వచ్చినచో, అది దీనముగా మొరపెట్టుచుండ వినియు విననట్లుండవలసి వచ్చినచో, అదియు దయయే యగునా? లేక దయ పేరిట జరుగు హింస యగునా? చేదుమందు త్రాగించు తల్లికి ఇట్టి సందేహమే కలుగును. అయితే బిడ్డ పెరిగిన తరువాత ఆ చేదునకు కారణము తెలిసికొనును. నోరులేని జీవికి ఎన్నటికిని కారణము తెలియదు. కనుకనే దాని విషయమున ఈ ప్రశ్న మరింత సూక్ష్మమైనది.

విజయవాడ సత్యనారాయణపురములో ఒక మేడమీది వాటాలో నివసించు గృహస్థు నొకని ఊహింతము. పొట్టికాళ్ళు, పొడవైన నడుము గల డాక్స్‌హండ్ జాతి కుక్క ఆ ఇంట పెరుగుచున్నది. ఒకనాడు అది మంచముపై నుండి దుమికి, కుయ్యుమని అరచి, మూల నక్కినది. సాయంకాలమునకు వెనుక కాళ్ళు రెండును ఈడ్చుకొనసాగినది. మరునాటికి మూత్రము విడుచు శక్తియు పోయినది.

ఇందు దైవకోపమును లేదు, దృష్టిదోషమును లేదు. వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలుండును. వైద్యులు వానిని డిస్కులందురు. ఇట్టి పొట్టికాళ్ళ జాతులలో ఆ బిళ్ళల లోపలి భాగము చిన్న వయసుననే ఎండి గట్టిపడును. ఎప్పుడో ఒకప్పుడది పగిలి, పైనున్న వెన్నుపామును ఒత్తును. శస్త్రవైద్యులు పూస ఎముకలో చిన్న కిటికీవలె తెరచి, ఒత్తుచున్న పదార్థమును తీసివేయుదురు. వెనుక కాలివ్రేళ్ళను గట్టిగా నొక్కినపుడు నొప్పి తెలియుచున్న కుక్కలలో ఎక్కువ భాగము చికిత్స పిదప తిరిగి నడచును. ఆ స్పర్శయు నశించిన వానిలో సుమారు సగము మాత్రమే నడచును.

శస్త్రము పని కొన్ని గంటలలో ముగియును. మిగిలినది ఇంటివారి పని. అది కొన్ని వారములది. లోపలి గాయము మానువరకు, అనగా సాధారణముగా 4 నుండి 6 వారములు, ఆ కుక్కను చిన్న గూటిలోనో, తడికలతో కట్టిన చిన్న చోటిలోనో ఉంచవలెను. పరుగు, దుముకుట, మెట్లెక్కుట, మంచమెక్కుట పూర్తిగా నిషిద్ధములు. కాలకృత్యములకు మాత్రము వెలుపలికి తీసికొనిపోవలెను. అప్పుడును మెడపట్టెకు కాక, రొమ్మునకు చుట్టిన పట్టీకి త్రాడు కట్టవలెను. పొట్టక్రిందుగా తువాలు చుట్టి, వెనుక భాగమును మోయుచు నడిపింపవలెను. తనంత తాను మూత్రము విడువలేనిచో, వైద్యుడు చేయిపట్టి నేర్పిన రీతిని దినమునకు మూడు నాలుగు సార్లు మూత్రాశయమును మెల్లగా ఒత్తి ఖాళీ చేయవలెను. కదలలేని దశలో కొన్ని గంటల కొకసారి ప్రక్క మార్చి, మెత్తని పరుపుపై పరుండబెట్టవలెను. లేనిచో ఒరిపిడి పుండ్లు పడును. తడి తగిలిన చర్మమును వెంటనే కడిగి తుడువవలెను. ఈగలు వ్రాలనీయరాదు. నున్నని పలకల నేలపై కాళ్ళు జారకుండ పీచుచాపలు పరువవలెను. మనుష్యులు వాడు నొప్పిబిళ్ళలను తోచినట్లు ఇచ్చుట ప్రాణాపాయము. కుట్లు వాచినను, మూత్రములో రక్తము కనిపించినను, వచ్చిన బలము మరల తగ్గినను జాగుచేయక వైద్యుని కడకు పోవలెను.

ఇవన్నియు శ్రమతో కూడినవే గాని, చేయరానివి కావు. కష్టమైనది వేరొకటి కలదు. రెండవ వారము గడచుసరికి నొప్పి తగ్గును. నొప్పి తగ్గిన కుక్కకు తాను స్వస్థురాల నైతినని తోచును. అప్పుడది గూటి కమ్ములపై ముట్టె ఆనించి, రాత్రియు పగలును మూలుగుచు, ఇంటివారి ముఖములు చూచును. ఆ ఇంటి పెద్దావిడ సహింపలేక కోడలితో, "అమ్మాయీ, నోరులేని దానిని అట్లు ఏడిపించుట పాపము కాదటే? ఒక్క గడియ విడిచిపెట్టరాదా!" అనును. కోడలి కన్నులును చెమర్చును. కాని ఆమె గడియ తీయదు. ఈ ఇరువురిలో దయగలవారెవ్వరు?

భారతీయ ధర్మచింతనలో కుక్క అల్పమైన పాత్ర కాదు. నన్నయభట్టు తెనుగుచేసిన ఆదిపర్వమున తొలి ఆశ్వాసముననే సరమ అను దేవశుని కథ వచ్చును. ఏ తప్పును చేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టిరని ఆ తల్లి రాజసభకు పోయి నిలదీసినది. సమాధానము రాకపోగా, తెలియని భయము నీకు కలుగునని హెచ్చరించి పోయినది. తిక్కన సోమయాజి తెనుగుచేసిన మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు, వెంటవచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథమెక్కుటకు ఒప్పుకొనలేదు. ఇట్లు ఆంధ్రభారతము ఒక కుక్క మొరతో మొదలై, మరియొక కుక్కకు లభించిన శరణుతో ముగియుచున్నది. మొదట కొట్టినవారు రాజపుత్రులు. చివర విడువనివాడును రాజే.

ఆచారవంతులైన గృహములలో మరియొక శంక పుట్టును. మడి, శౌచము పాటించు ఇంట కుక్క మలమూత్రము లెత్తుట తగునా? ఇంద్రుడు వేసిన ప్రశ్నయు ఇంచుమించు ఇదియే. కుక్కగలవారికి స్వర్గమున చోటులేదనియు, వారి యజ్ఞాది పుణ్యములు నశించుననియు ఆయన బెదరించెను. ధర్మరాజు ఆ నియమమును తప్పనలేదు. నన్ను నమ్మిన ప్రాణిని విడుచుటకంటె స్వర్గమును విడుచుట మేలని మాత్రము నిశ్చయించెను. సోదరులను, ద్రౌపదిని దారిలో విడిచి, కుక్కను విడువలేవా యని ఇంద్రుడు మరల అడిగెను. మరణించినవారిని బ్రదికింప తన వశము కాదనియు, వారు ప్రాణములతో నుండగా తాను విడువలేదనియు ఆయన బదులు చెప్పెను. ఈ సమాధానము నుండి గృహస్థుడు గ్రహింపవలసినది స్పష్టము. ఆచారము స్నానముతో తిరిగి వచ్చును. నమ్మకద్రోహమునకు స్నానము లేదు.

ఇక బంధించుట మాట. భాగవతము దశమస్కంధమున యశోద బాలకృష్ణుని రోట గట్టిన వృత్తాంతము ప్రతి వైష్ణవ గృహమునకును తెలిసినదే. ఎన్ని త్రాళ్ళు తెచ్చి ముడివేసినను రెండంగుళములు తక్కువయ్యెను. తల్లి అలసినది, చెమర్చినది, కొప్పు వీడినది. ఆమె అలసట చూచి స్వామి కట్టుబడెను. అంతటివానిని కట్టినది త్రాడు కాదు, తల్లి శ్రమ. ఈ కథ దామోదర నామమునకు మూలము. మన ప్రశ్నకును ఇదియే సమాధానము చూపుచున్నది.

కట్టుట రెండు విధములు. కట్టి, గడియవేసి, తన పనికి తాను పోవువాడు తన సౌకర్యమునకై కట్టుచున్నాడు. అది చెరసాల. కట్టిన పిదప తానును ఆ కట్టులో చిక్కుకొనువాడు ప్రాణి మేలునకై కట్టుచున్నాడు. పై గృహస్థుని ఇంట పరికింపుడు. కుక్క గూటిలో ఉన్న 6 వారములు ఇల్లాలు పెండ్లిండ్లకు పోలేదు. గృహస్థుడు రాత్రి రెండుసార్లు లేచి ప్రక్క మార్చుచున్నాడు. బెజవాడ ఎండలో గాలి తగులు చోటు వెదకి గూటిని జరుపుచున్నాడు. గూటిప్రక్కనే చాప వేసికొని పరుండుచున్నాడు. గూటిలో ఉన్నది ఒక్క కుక్కయే కాదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, పోషకుడు తన జంతువునకు అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెననియే చెప్పుచున్నది. అవసరమైన నిర్బంధము వేరు, అనవసరమైన బాధ వేరు అను వివేకము అందును కలదు.

పెద్దావిడది దయ కాదా? దయయే. కాని ఆ దయ తన కన్నీటిని తుడుచుకొన చూచుచున్నది. కోడలి దయ కుక్క నడుమును కాపాడ చూచుచున్నది. గడియ తీసినచో మూలుగు వెంటనే ఆగును, అందరి మనస్సులును తేలికపడును. మరునాడు మరల కాళ్ళు పడిపోయినచో ఆ తేలికకు మూల్యము చెల్లించునది కుక్కయే. తనను నిర్దయురాలిగా తలచినను సహించి, ఎదుటి ప్రాణి మేలును విడువకుండుట దయలో కఠినమైన భాగము.

అట్లని మోయుటయే సేవ కాదు. శ్రీవైష్ణవ సంప్రదాయమున రెండు న్యాయములు ప్రసిద్ధములు. పిల్లి తన కూనను తానే నోట కరచి మోయును. కోతిపిల్ల తానే తల్లిని పట్టుకొనును. తొలి దినములలో తువాలే కుక్క బరువంతయు మోయును. కాళ్ళలో కదలిక పుట్టిన పిదప, వైద్యుని అనుమతితో, తువాలును దినదినమును కొంచెము వదులు చేయవలెను. ఎత్తవలసినంత ఎత్తి, విడువవలసినపుడు విడుచుట తెలిసినవాడే నిజమైన పరిచారకుడు.

ఇంత చేసినను కొన్ని కుక్కలు నడువవు. వానికి చక్రములబండి కట్టి తిప్పువారు కలరు. జీవితాంతము మోయువారు కలరు. స్థోమత చాలక శస్త్రచికిత్స చేయింపలేనివారును నిందార్హులు కారు. వైద్యుని సలహాపై విశ్రాంతి, మందులతో చేయగలిగినంత చేసినను అదియు శరణిచ్చుటయే. ఫలము చేతిలో లేనిచోటనే కర్తవ్యము పరీక్షింపబడును.

ఆరవ వారమున గడియ తీసిన ఉదయమున ఆ కుక్క తడబడుచు నాలుగడుగులు వేసి, ఇన్నాళ్ళు తన్ను బంధించిన ఇల్లాలి పాదములపైననే తల ఆనించును. కారణము దానికి నేటికిని తెలియదు. ప్రక్క మార్చిన చేయి మాత్రము తెలియును. కోరినది దొరకక, మూసిన తలుపు ముందు మొరపెట్టుకొను మనుష్యుడు ఆ దృశ్యమును ఒక్క క్షణము నిలిచి చూచినచో, తలుపు ఆవలి వానిపై తొందరపడి నింద మోపడు.