దొరికిన కళ, తెలియని ఊరు: అంతర్జాల రసాస్వాదనలో ఋణభావన

తెలుగులో 'కనుగొను' అనే క్రియకు మనిషి కర్త. 'దొరకు' అనే క్రియకు వస్తువే కర్త; మనిషి 'కు' ప్రత్యయం తగిలించుకొని పక్కన నిలబడతాడు. 'నేను కనుగొన్నాను' అన్నవారు తమ శ్రమను, ఉద్దేశాన్ని, కొంత అధికారాన్ని కూడా ఆ మాటలో చెప్పుకొంటారు. 'నాకు దొరికింది' అన్నవారు వీటిలో దేనినీ చెప్పుకోరు. అంతర్జాలంలో ఒక పాత అద్దకపు గుడ్డ బొమ్మో, ఒక పదమో, ఒక సినిమా పాటో ఎదురైనప్పుడు చాలామంది నోట ముందు వచ్చేది రెండవ క్రియే. అది న్యాయమైన మాట కూడా. ఏది ఎవరి తెర మీదికి రావాలో నిర్ణయించేది చూసేవారి అన్వేషణ ఒక్కటే కాదు, వారి పాత చూపులను లెక్కగట్టే యంత్రం కూడా. కాని అదే వస్తువును మరొకరికి పంపే క్షణంలో 'దొరికింది' మెల్లగా 'కనుగొన్నాను' అవుతుంది. ఈ క్రియల మార్పిడి మధ్య ఒక నైతిక ప్రశ్న ఉంది. దొరికిన కళ విషయంలో దొరికినవారికి ఋణమంటూ ఉన్నదా? ఉంటే అది ఎక్కడ మొదలవుతుంది?

ఈ ప్రశ్నను దిగువ కృష్ణా డెల్టా నుంచి అడగడానికి కారణం ఉంది. ఇక్కడి కళ అంతర్జాలం పుట్టడానికి మూడు నాలుగు శతాబ్దాల ముందే ఊరు విడిచి వెళ్లింది. మచిలీపట్నం రేవు నుంచి బట్టగా, మొవ్వ పేరుతో పదంగా, గుడివాడ పరిసరాల నుంచి గొంతుగా వెళ్లినది ఇప్పుడు చేతిలోని ఫోను మీదికి తిరిగి వస్తున్నది. తిరిగి వస్తున్నప్పుడు దాని మీద ఏ గుర్తు మిగిలింది, ఏది చెరిగింది అన్నది పరిశీలించవలసిన విషయం.

యజమాని తెలియని వస్తువు గురించి ధర్మశాస్త్రాలు చాలా ముందే ఆలోచించాయి. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం అటువంటి ధనాన్ని 'ప్రనష్టస్వామికం' అంటుంది. పోయినది వస్తువు కాదు, స్వామి. వస్తువు కళ్లెదుటే ఉంది. దానిని రాజు మూడేళ్లు దాచి ఉంచాలి. ఈలోగా ఎవరైనా వచ్చి తనదంటే, అది పోయిన దేశం, కాలం, దాని వర్ణం, రూపం, ప్రమాణం చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ వస్తువు విలువకు సమానమైన దండన. మనుస్మృతిని నీతికి ప్రమాణంగా తీసుకోవాలని ఇక్కడి అభిప్రాయం కాదు. ఆ పని అది చేయలేదన్నది వేరే చర్చ. ఒక పాత న్యాయయుక్తిగా మాత్రం ఈ అయిదు ప్రశ్నలు ఉపయోగపడతాయి. ఎందుకంటే నేటి మ్యూజియం జాబితాలో ప్రతి వస్తువు పక్కనా కనిపించే గడులు దాదాపు ఇవే.

లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోను, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలోను కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు ఎన్నో ఉన్నాయి. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో, హక్కుల గడువు తీరిన తన కృతుల చిత్రాలను ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చునని అంతర్జాలంలో విడుదల చేసింది. ఇది గొప్ప ఔదార్యమే. ఒకప్పుడు సముద్రం దాటితే తప్ప చూడలేని బట్టను ఇవాళ పెడనలో అద్దకం బల్ల ముందు కూర్చున్నవారు కూడా పూవు పూవునా పెద్దదిగా చేసుకొని చూడవచ్చు. కాని ఇటువంటి బట్టల జాబితా వివరాలను మనువు ప్రశ్నలతో చదివితే సంగతి వేరుగా ఉంటుంది. వర్ణం, రూపం, ప్రమాణం నిర్దుష్టంగా ఉంటాయి. పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో ఉంటాయి. కాలం సుమారుగా ఉంటుంది. దేశం దగ్గర మాత్రం తరచుగా 'కోరమాండల్ తీరం' అని ఉంటుంది. అది ఊరి పేరు కాదు, వందల మైళ్ల తీరం. అందులో బందరు ఉన్నది, నాగపట్నం కూడా ఉన్నది. అయిదు ప్రశ్నలలో మొదటిదానికే జవాబు చాలనప్పుడు, ఆ న్యాయసభలో మ్యూజియం నెగ్గదు. బందరువారు నెగ్గుతారా అంటే వారికి మిగతా నాలుగూ తెలియవు. వస్తువు ఒకచోట, దాని వివరం ఒకచోట, దాని ఊరు మరొకచోట ఉండిపోయాయి.

చేసినవారి పేరు ఉండవలసిన చోట 'తెలియదు' అన్న మాట ఉంటుంది, లేదా ఆ గడే ఉండదు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ గడి ఏకవచనం కోసం తయారైనది. అద్దకం పని ఏకవచనం కాదు. నేటి బందరు, పెడన పద్ధతినే చూస్తే, టేకు చెక్క మీద అచ్చు చెక్కేవారు ఒకరు, అద్దేవారు ఒకరు, ఉతికేవారు ఒకరు, ఉడికించేవారు ఒకరు. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో నల్లని గీతలు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట పటిక నీటిని అద్దుతారు. ఆ దశలో అక్కడ ఎరుపు ఉండదు. పారే నీటిలో ఉతికి, చిరివేరు వంటి వేళ్ల రంగులో ఉడికించినప్పుడే పటిక తగిలిన చోట ఎరుపు నిలుస్తుంది. (చిరివేరు స్థానాన్ని ఇప్పుడు చాలావరకు రసాయనం ఆక్రమించింది.) మ్యూజియాలలోని పాత బట్టలు ఎక్కువగా కలంతో గీసినవి, నేటి బందరు పని అచ్చులది, అయినా పటిక, వేరు, నీరు అనే క్రమం రెండింటికీ ఒకటే. ఏ కాలువ నీరు అన్నది కూడా రంగులో భాగమైన కళకు 'కళాకారుడు: తెలియదు' అని రాయడం అబద్ధం కాదు, అడగవలసిన ప్రశ్న కాని ప్రశ్నకు ఇచ్చిన నిజాయితీ గల జవాబు. అక్కడ తెలియకుండా పోయినది ఒక మనిషి కాదు, ఒక వీధి.

ఆ బట్టల మీద ముద్ర అసలే లేదా? కొన్నిటికి ఉంది, వెనుకవైపు. అది వర్తక కంపెనీల ముద్ర. మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611లో వర్తకం మొదలుపెట్టారు. డచ్చివారు అంతకు కొద్ది ఏళ్ల ముందే వచ్చారు. తమ సరుకు గుర్తు కోసం వారు గుడ్డ మీద కంపెనీ అక్షరాలను కొట్టారు. కనుక ఆ వస్త్రం పేరు లేనిది కాదు. కొన్నవారి పేరు ఉన్నది, చేసినవారి పేరు లేనిది. ఈ సరుకుకు ఐరోపాలో ఎంత గిరాకీ ఉన్నదంటే, అక్కడి నేతపనివారిని కాపాడడానికి 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు దీనిపై నిషేధాలు విధించవలసి వచ్చింది. మన 'చీటి గుడ్డ' అన్న మాటలోని చీటి, ఇంగ్లీషువారి చింట్జ్ ఒకే కుదురువి. మాట రెండు తీరాలకూ చేరింది, చేసిన చేయి ఏ తీరానా నమోదు కాలేదు.

సాహిత్యం ఈ విషయంలో బట్ట కంటే అదృష్టం గలది. తెలుగు ప్రబంధం తన ఉనికిపత్రాన్ని తనలోనే కుట్టుకొని వచ్చింది. దివిసీమలోని శ్రీకాకుళం ఇందుకు మంచి సాక్ష్యం. కళింగ దండయాత్రకు వెళ్తూ కృష్ణదేవరాయలు బెజవాడలో ఆగి, శ్రీకాకుళం వెళ్లి, ఏకాదశి నాడు ఉపవసించగా ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి గోదాదేవి కథను తెలుగులో చెప్పమన్నాడని ఆముక్తమాల్యద అవతారిక చెబుతుంది. ఊరు, తిథి, సందర్భం, చెప్పించినవాడు, అంకితం పొందినవాడు అన్నీ అందులో ఉన్నాయి. అంతటి సార్వభౌముడు కూడా తన కావ్యాన్ని 'నేను కనుగొన్నాను' అనలేదు. తనకు ఆజ్ఞగా దొరికిందన్నాడు. ఇది వినయమా, రాజనీతియా అన్న మీమాంస ఎలా ఉన్నా, కావ్యానికి మూలం చెప్పకుండా ముందుకు సాగకూడదన్న మర్యాద అందులో ఉంది. ఆశ్వాసాంత గద్యలు చేసే పనీ అదే. తాటాకు కట్టలో ఏ భాగం విడిపోయినా, ఆ ముక్క తన కర్తను చెప్పుకోగలగాలి.

పదంలో ఈ మర్యాద ముద్రగా మారింది. క్షేత్రయ్య పదాలలోని 'మువ్వగోపాల' ముద్ర పాట ఎంత దూరం వెళ్లినా మొవ్వను వెంట తీసుకొని వెళ్లింది. మధుర, తంజావూరు, గోలకొండలతో ముడిపడిన ఆ పదాలు తమిళదేశంలో దేవదాసీల కంఠాలలో నిలిచాయి. ఇవాళ అంతర్జాలంలో వీణ ధనమ్మాళ్ మనుమరాళ్లు బృందా, ముక్తల గానం విన్నవారికి, తెలుగు ఒక్క ముక్క రాకున్నా, ఆ చివరి పేరు వినిపిస్తుంది. ఒక ఊరి పేరు పాటలోనే ఉండడం వల్ల అప్‌లోడు చేసినవారు మరచినా అది చెరగదు. గుడ్డ వెనుక కంపెనీ కొట్టిన ముద్రకు, పదం లోపల కవి వేసిన ముద్రకు తేడా ఇక్కడ తెలుస్తుంది.

అయితే ముద్రను మరీ నమ్మడం కూడా తగదు. 'మువ్వగోపాల' కవి పేరు కాదు, దేవుడి పేరు. ఆ ముద్ర ఉన్న ప్రతి పదమూ ఒకే కవిదా, అసలు క్షేత్రయ్య అన్న వ్యక్తి చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అన్న ప్రశ్నలు పరిశోధనలో సజీవంగా ఉన్నాయి. అంతకంటే పెద్ద లోపం మరొకటుంది. ఈ పదాలను మూడు శతాబ్దాలు కాపాడిన స్త్రీల పేర్లకు ఏ ముద్రలోనూ చోటు లేదు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను చట్టంతో రద్దు చేసింది. వ్యవస్థ పోవడం న్యాయమే. కాని వారి పాటకు గౌరవం దక్కినంతగా వారికి దక్కలేదన్నది కూడా నిజమే. కనుక కర్త పేరు చెప్పినంత మాత్రాన ఋణం తీరిందనుకోవడం తొందరపాటు. కళ మన దాకా రావడంలో కర్త ఒకరు, మోసుకొచ్చినవారు అనేకులు.

సినిమా పాట ఈ విషయంలో మరింత దగ్గరి ఉదాహరణ. ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'కు సంగీతం ఆయనది, కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి, పాటలు, మాటలు బందరు నాటకరంగం నుంచి వచ్చిన పింగళి నాగేంద్రరావువి. సినిమా మొదట్లో పేర్ల పట్టికలో ఇవి ఉంటాయి. పాటను మాత్రం కత్తిరించి అంతర్జాలంలో పెట్టినప్పుడు ఆ పట్టిక సినిమాతోపాటే వెనుక ఉండిపోతుంది. ఇది అవతారిక చింపేసి ప్రబంధంలోని ఒక వర్ణనను చేతిలో పెట్టడం వంటిది. అప్పుడు తెర మీద కనిపించే నటుడిది పాట అవుతుంది, లేదా వినిపించే గాయకుడిది అవుతుంది. రాసినవాడు మొదట రాలిపోతాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు, కత్తిరింపే చాలు.

ఇక్కడ అలంకారశాస్త్రం నుంచి ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. రసానుభూతికి సాధారణీకరణమే ప్రాణం కదా. దేశకాలాలు, వ్యక్తి విశేషాలు కరిగిపోయినప్పుడే సహృదయుడికి ఆస్వాదం కలుగుతుందని భట్టనాయక, అభినవగుప్తులు అన్నారు కదా. మరి ఊరూ పేరూ అడగడం రసానికి విఘ్నం కాదా? ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేము. అర్ధరాత్రి ఒక పదం విని కంట తడి పెట్టినవారిని మొవ్వ ఎక్కడుందో చెప్పమని నిలదీయడం అరసికత. జానపద గేయాలను పేరు లేకుండానే ప్రేమించిన జాతికి ఆ నిబంధన అసలు నప్పదు. కాని సాధారణీకరణం ఆస్వాద క్షణానికి సంబంధించినది. పంపడం వేరే క్రియ. విన్నవారు తమలో తాము ఉన్నంతవరకు సహృదయులు. మరొకరికి అందించిన క్షణం నుంచి వాహకులు. ఋణం చూపులో లేదు, చేర్పులో ఉంది. దేవదాసీ పాడేటప్పుడు రసంలో మునిగినా ముద్రను మింగలేదు. లేఖకుడు అలసిపోయినా గద్యను వదిలిపెట్టలేదు.

చట్టం ఇక్కడ కొంతవరకే తోడు వస్తుంది. 1957 కాపీరైటు చట్టంలోని 57వ సెక్షన్, కృతి మీద తన కర్తృత్వాన్ని చాటుకొనే హక్కు కర్తకు ఇస్తుంది. పేరే లేని వీధి ఆ హక్కును ఎలా అడుగుతుంది? మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నది; అది ఊరి పేరును కాపాడుతుంది, బొమ్మను కాదు. అందువల్ల కలంకారీ తీగలను, నెమళ్లను యంత్రం మీద ముద్రించిన గుడ్డలు 'కలంకారీ ప్రింటు' పేరుతో అంగళ్లలోను తెరల మీదా అమ్ముడవుతున్నాయి. కొనేవారికి ఫోటోలో తేడా తెలియదు. కరక్కాయ పాల వాసన, వెనుకవైపుకు ఇంకిన రంగు, ఒక అచ్చుకూ పక్క అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి జరుగుడు ఫోటోకు అందేవి కావు. అచ్చులు చెక్కేవారి జీవనం ఆ తేడా మీదనే ఆధారపడి ఉన్నది. 'ఎంత బాగుందో చూడండి' అని ఒక బొమ్మను పంపేవారు తెలియకుండానే ఆ బేరంలో ఒక పక్షం వహిస్తున్నారు.

ఏ మేరకు వివరం చెబితే చాలునన్నది ఇంకా మిగిలే ఉంది. ప్రతి చేతినీ నమోదు చేయడం అసాధ్యం. 'కోరమాండల్ తీరం' అనడం చాలదు. తెలిసినంత చెప్పి, తెలియనిచోట ఎవరి పేరునూ అతికించకుండా ఖాళీ ఉంచడం ఒక మార్గం. మ్యూజియం జాబితాలోని 'తెలియదు' అన్న గడి, ఆ విధంగా చూస్తే, పూర్తిగా నిందార్హం కాదు. దానిని కాపీ చేసేటప్పుడు ఆ గడిని కూడా తీసేయడమే తప్పు. గుడ్డ ముందువైపు ఫోటో మాత్రమే చేతికి వచ్చినప్పుడు, వెనుకవైపు ఏ ముద్ర ఉన్నదో, అసలు ఉన్నదో లేదో అడిగేవారు పెడనలోనైనా, న్యూయార్కులోనైనా ఒక్కరైనా ఉండాలి.