చెట్టు దగ్గర నా లెక్కలు

మామిడి తోట కొట్టించి సుబాబుల్ వేసిన రైతుని నేను. మాది ఎ.కొండూరు. ఆ తోట నాన్న వేసింది. కూలీలు రంపాలతో దిగిన రోజున నాకు ఏడుపు రాలేదు. ఇలాంటి చోట కళ్లు చెమర్చాయని రాయడం మనవాళ్లకు అలవాటు కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కాపు తగ్గింది, మందుల ఖర్చు పెరిగింది, నున్న మార్కెట్టుకి తోలిన కాయకి ఏటికేడు ఏ ధర పలుకుతుందో తెలియదు. సుబాబుల్‌తో ఆ బెంగ లేదు. మూడు నాలుగేళ్లకోసారి కొట్టిస్తే కాగితం మిల్లుకి టన్నుల లెక్కన పోతుంది. మోడు మళ్లీ చిగురిస్తుంది. లెక్క కుదిరింది, తోట పోయింది.

అదే నేను విజయవాడలో మొక్కలు నాటేవాళ్ల గుంపులో కూడా ఉన్నాను.

మా అమ్మాయి కాపురం సింగ్‌నగర్ వైపు. తొలకరి పడ్డాక ఒక ఆదివారం వాళ్ల వీధివాళ్లంతా పూనుకుని రోడ్డు వారన మొక్కలు పెడతారు. ఊరి నుంచి రైతు వచ్చాడు, చెట్ల సంగతి తెలిసిన మనిషి అని మొదటి మొక్క నా చేత పెట్టిస్తారు. “బాబాయిగారూ, మీ హస్తవాసి మంచిది” అంటారు. ఫోన్లు పైకి లేస్తాయి. నాకది ఇష్టం. పంచె ఎగ్గట్టి, కవరు చింపి, వేరు చెదరకుండా మట్టిగడ్డని గుంటలో దించి, చుట్టూ పాదు కట్టేటప్పుడు పక్కన పదిమంది చూస్తూ ఉంటే చాలా ఇష్టం. నా సుబాబుల్ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకుంటాను.

ఇంతకీ చెట్టంటే నాకు ఏముంది? కొన్నాళ్లుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. భక్తి లేదని తేలింది. ప్రేమ అనడానికి నోరు రాదు. ఇంటి ముందు వేపచెట్టు ఆకు రాలుస్తుంటే తిట్టుకుంటాను, కరెంటు తీగలకి తగులుతోందని కొమ్మలు కొట్టించాను. ఎండాకాలం దాని కింద మంచం వేసుకుంటాను. నాకు కావలసింది నీడ. అది కూడా నాకు, నా మోటారు సైకిలుకి.

విజయవాడకి కావలసింది కూడా అదేననుకుంటాను. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. చుట్టూ కొండరాయి, మధ్యలో సిమెంటు. పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతాయి. దానికి తోడు ఉక్క. చెట్టు ఆకుల్లోంచి నీటి ఆవిరి వదిలి గాలిని చల్లబరుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. కానీ చెమటే ఆరని ఊళ్లో మనిషికి ముందు పనికొచ్చేది ఆ ఆవిరి కాదు, నెత్తిమీదా తారురోడ్డు మీదా ఎండ పడకుండా ఆపే కొమ్మ. 2015 మేలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. ఎండన పడి పనిచేయక తప్పనివాళ్లూ ముసలివాళ్లూ అందులో ఎందరో. తోపుడు బండి వాడికి చెట్టు ఆధ్యాత్మికం కాదు.

ఇలా అనుకుని నా లెక్కలకి నేను మార్కులు వేసుకుంటూ ఉండగానే రామయ్యగారు గుర్తొస్తారు. ఖమ్మం పక్క రెడ్డిపల్లి ఆయనది, మాకు మరీ దూరం కాదు. దరిపల్లి రామయ్య, జనం పెట్టుకున్న పేరు వనజీవి. గింజలు ఏరి తెచ్చుకోవడం, సైకిలు మీద తిరిగి ఖాళీ జాగా కనపడిన చోటల్లా నాటడం, భార్య జానమ్మగారు తోడుండటం. ఒంటి మీద చెట్ల గురించి రాసిన పలకలు తగిలించుకుని తిరిగేవారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. జీవితంలో కోటి మొక్కలకు పైగా నాటారని చెబుతారు.

ఆయన పోయారని విన్నప్పుడు నాలో గౌరవంతో పాటు ఇంకోటి కూడా కదిలింది. తేలికపడటం. ఆయన మహానుభావుడు, మనవల్ల అవుతుందా అని ఒక దండం పెట్టేస్తే, నేను బకెట్టు పట్టుకోనక్కర్లేదు. మనం మహానుభావుల్ని తయారు చేసుకునేది సగం ఇందుకేనేమో.

కోటి అంటే ఇంకో కోటి గుర్తొస్తుంది. 2016 జులై 29న మాకు దగ్గర్లోనే, నూజివీడు పక్క సుంకొల్లులో, ‘వనం-మనం’ అనే సర్కారు కార్యక్రమం మొదలైంది. ఆ ఒక్క రోజులోనే రాష్ట్రమంతటా కోటి మొక్కలు నాటాలన్నది లక్ష్యం. ఒక మనిషి బతుకంతా నాటిన లెక్కని ఒక ప్రభుత్వం పొద్దుగూకేలోపు పూర్తి చేయాలనుకుంది. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. టర్కీలో 2019 నవంబరు 11న కోటి పదిలక్షల మొక్కలు పెట్టారు. మూడు నెలలు తిరక్కుండా వాటిలో 90 శాతం దాకా ఎండిపోయాయని అక్కడి అటవీ ఉద్యోగుల సంఘం పెద్ద అన్నాడు, ప్రభుత్వం కాదంది. సర్కారుని ఆడిపోసుకోవడం సులువు. నేనూ అదే మనిషిని: మొదటి మొక్క నాది, ఫొటో నాది, సాయంత్రం బస్సెక్కి మైలవరం మీదుగా ఊరొచ్చేస్తాను. మర్నాటి నుంచి ఆ మొక్క మా అమ్మాయిది.

ఈ విషయంలో తెలంగాణ చేసిన ఒక పని నాకు నచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో, నాటినవాటిలో 85 శాతం బతక్కపోతే సర్పంచి పదవికీ, కార్యదర్శి ఉద్యోగానికీ ముప్పు అని పెట్టారు. అమలు ఎంత గట్టిగా జరిగిందన్నది వేరే మాట. కానీ చెట్టు విషయంలో ప్రేమని కాకుండా లెక్కని అడిగిన చట్టం అది. నాలాంటి మనిషికి తగిన చట్టం.

ఇక్కడిదాకా వచ్చి లెక్కే గొప్పదని తేల్చేద్దామనుకుంటే కోనోకార్పస్ అడ్డొచ్చింది. అది అచ్చం లెక్క చూసుకుని తెచ్చిన చెట్టు. నీళ్లు పెద్దగా అడగదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఊరికే ఎదుగుతుంది. ఊళ్లకి ఊళ్లు డివైడర్ల నిండా పెట్టేశాయి. తర్వాత పుప్పొడితో ఎలర్జీలనీ, వేళ్లు పైపుల్లోకి పోతున్నాయనీ గగ్గోలు లేచింది. 2022లో తెలంగాణ, 2023లో గుజరాత్ వద్దన్నాయి. నష్టం చెప్పినంత లేదనేవాళ్లూ ఉన్నారు, ఆ తగువు తీర్చే చదువు నాది కాదు. కానీ ఆ చెట్టుని ఎంచుకున్న బుర్ర ఎలాంటిదో నాకు బాగా తెలుసు. సుబాబుల్‌ని ఎంచుకున్నది కూడా అలాంటి బుర్రే.

అంటే లెక్క తప్పా? చాలా రోజులు అటూ ఇటూ తిప్పాను. నాన్నేమీ సాధువు కాదు. మామిడి వేసినప్పుడు ఆయనా లెక్కే వేశాడు: ఇన్ని బంగినపల్లి, ఇన్ని కలెక్టరు, ఇన్నేళ్లకి కాపు. కాకపోతే ఆయన లెక్క గడువు నలభై ఏళ్లు, అందులో నేనూ ఉన్నాను. నా లెక్క గడువు మూడున్నరేళ్లు. అందులో నేను తప్ప ఎవరూ లేరు. మా ఇద్దరి మధ్య తగ్గింది ప్రేమ అనుకున్నాను ఇన్నాళ్లూ. తగ్గింది గడువు.

ఈ ఎరుక వచ్చాక మళ్లీ మామిడి వేశానా? వేయలేదు. సుబాబుల్ అలాగే ఉంది, అమ్మాయి ఫ్లాటు అప్పు ఇంకా ఉంది. మారింది ఒకటే: వీధివాళ్లు ఏం పెడదామని అడిగితే, తొందరగా ఎదిగేదేది అని చూడటం మానేశాను. వేప, కానుగ, నేరేడు, వీధి వెడల్పుగా ఉన్నచోట రావి అంటున్నాను. ఆ రావి నీడన నేను కూర్చోను. వినడానికి గొప్పగా ఉంది గానీ, నా వయసులో ఇది త్యాగమేమీ కాదు, ఇప్పటిదాకా నా లెక్కలో లేనివాళ్లని కలుపుకోవడం.

నీళ్ల దగ్గర మాత్రం ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు. మా మండలం పేరు పేపరెక్కింది తండాల్లో కిడ్నీ జబ్బుల వల్ల. బోరు నీళ్ల మీద అనుమానంతో క్యాన్లు కొనుక్కుని తాగేవాళ్లున్నారు. “నాన్నా, మే నెలలో మొక్కలకి ట్యాంకరు తెప్పిస్తున్నాం” అని అమ్మాయి సంతోషంగా చెప్పినప్పుడు ఆ క్యాన్లే కళ్లముందు కనపడ్డాయి. పైగా ఆ వీధి 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి రోజుల తరబడి మునిగిన వైపుది. ఆ ఏరు మా మైలవరం చుట్టుపక్కల కొండల నుంచి దిగేదే. మా వైపు చెట్లు కొట్టడం వల్లే అక్కడ మునిగిందంటే అతిశయం. గండ్లు పడ్డాయి, ఆక్రమణలున్నాయి. అయినా సెప్టెంబరులో మెడలోతు నీళ్లు, మేలో ట్యాంకరు. ఈ రెండూ ఒకే వీధిలో చూశాక మనిషికి నోరు పెగలదు.

ట్యాంకరు వద్దన్నాను. వారానికి రెండుసార్లు, రెండేసి బిందెలు పోస్తే లేతమొక్క వేసవి దాటుతుంది. ఆ నీళ్లు ఇంట్లోనే ఉన్నాయి: ఏసీ గొట్టం కింద కారేవి, కూరలు కడిగినవి, ఫిల్టరు మిషను పారబోసేవి. ఫిల్టరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కానుగ తట్టుకుంటుంది, అన్నిటికీ పోయకూడదు. పాదులో ఎండుటాకు పరిస్తే తడి ఇంకో రెండు రోజులు నిలుస్తుంది. ఇక నా వంతు, ఊరి నుంచి చెరువుమట్టి, మాగిన పశువుల ఎరువు పంపించడం. మొదటి మొక్క ఆ వీధిలో రోజూ ఉండేవాళ్ల చేత పెట్టించమని చెప్పాను. చెప్పేటప్పుడు లోపల చిన్న గుచ్చుడు ఉంది, దాచను.

ఈ జూన్లో మిమ్మల్నీ ఎవరో మొక్క నాటడానికి పిలుస్తారు. వెళ్లండి. వెళ్లే ముందు ఒక్కటి అడగండి: వచ్చే ఏప్రిల్లో, ఆ పై ఏప్రిల్లో, దీనికి నీళ్లు పోసేదెవరు? ఎవరో ఒకరి పేరు చెబితేనే పలుగు పట్టండి.