కర్తృత్వమూ సంతకమూ

ఏ పని నెరవేరాలన్నా అయిదు కారణాలు కలిసిరావాలని భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. పనికి ఆధారమైన అధిష్ఠానం, పూనుకొనే కర్త, సాధనాలైన కరణాలు, వాటి వేర్వేరు చేష్టలు, మనిషి చేతిలో లేని దైవం అనేవి ఆ అయిదు. ఇన్ని కూడితే జరిగిన పనికి తానొక్కడే కర్తనని తలచేవాడు ఉన్నదున్నట్టు చూడలేడని కూడా గీత వెంటనే అంటుంది. సంప్రదాయ వ్యాఖ్యాతలు అధిష్ఠానమంటే శరీరమని వివరించారు గాని, పదిమంది కలిసి చేసే పనికి ఈ విభజనను అన్వయిస్తే పనిచోటే అధిష్ఠానమవుతుంది, కర్తలు ఎందరో అవుతారు. ఇక్కడే చిక్కు వస్తుంది: కర్తృత్వం ఇందరికి పంచబడినప్పుడు తప్పుకు జవాబు చెప్పవలసినవారు ఎవరు?

ఈ ప్రశ్నను పరీక్షించడానికి గల్ఫ్ దేశాల నిర్మాణరంగం కంటే తగిన చోటు అరుదు. ఖతర్ రాజధాని దోహాలో మెట్రో గోల్డ్ లైన్ స్టేషన్ ఉన్న ఫరీజ్ బిన్ మహమూద్ (ఫరీజ్ అంటే అక్కడ పేట) వంటి అపార్ట్‌మెంట్ల పేటల్లో కాపురముండే ఇంజనీరుకూ, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్లి ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో ఉండే మేస్త్రీకీ, కార్పెంటర్‌కూ, హెల్పర్‌కూ మధ్య పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉండే బంధం ముఖ్యంగా ఒక కాగితం మీద నిలుస్తుంది. ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో రాసే ఆ పట్టికను టైమ్‌షీట్ అంటారు. 2020 నాటి 17వ నంబరు చట్టం ప్రకారం 2021 మార్చి నుంచి అక్కడ కనీస మూలవేతనం నెలకు 1,000 రియాళ్లు. 2004 కార్మిక చట్టం ప్రకారం అదనపు గంటలకు మామూలు కూలి కంటే కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన చూస్తే ఒక ఓవర్‌టైమ్ గంట విలువ 5 రియాళ్ల పైచిలుకు. రోజుకొక గంట చొప్పున 26 రోజులు పట్టికలోకి ఎక్కకపోతే పోయేది సుమారు 135 రియాళ్లు, అంటే మూలవేతనంలో ఎనిమిదో వంతుకు మించి. దాచింది సైటు మీద లెక్క రాసే టైమ్‌కీపరా, చూసీ చూడనట్టు సంతకం చేసిన ఇంజనీరా, ఖర్చు తగ్గించమన్న కంపెనీయా అని అడిగితే అయిదు కారణాల వాదం అందరికీ అక్కరకొస్తుంది.

ఆ వాదాన్ని అలా వాడుకోవడం గీతకు విరుద్ధం. తాను కర్తనన్న అహంకారం లేనివాడు కర్మకు బద్ధుడు కాడని చెప్పిన ఆ అధ్యాయాన్ని, శ్రేష్ఠుడు ఎలా నడిస్తే లోకం అలా నడుస్తుందనీ, అందుకే లోకసంగ్రహం కోసం, అంటే జనాన్ని కలిపి దారిలో నిలపడం కోసం, పొందవలసింది ఏమీ లేనివాడు కూడా పని మానకూడదనీ చెప్పిన మూడో అధ్యాయంతో కలిపి చదవాలి. అప్పుడు తేలేది ఒక్కటే: పంచుకోవలసింది పేరునూ ఫలాన్నీ గాని, జవాబుదారీని కాదు. సైట్ల మీద సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. మెప్పు పైకి పోతుంది, నింద హెల్పర్ దాకా దిగుతుంది. గీత చెప్పే ఆర్జవమంటే మనసూ మాటా చేతా ఒకే తీరున ఉండటమని వ్యాఖ్యాతలు అంటారు. ఇతరుల సొత్తును దాని యజమానికి అప్పగించమని ఖురాన్ చెప్పే అమానత్ ధర్మం టైమ్‌షీట్‌కు ఇంకా సూటిగా తగులుతుంది, ఎందుకంటే అందులోని గంటలు రాసేవానివి కావు, పనిచేసినవానివి.

ఎండ విషయంలో ఇదే సంగతి ప్రాణం మీదికి వస్తుంది. 2021 నాటి మంత్రిత్వశాఖ నిర్ణయం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పనిని నిషేధించడమే కాక, గాలి వేడినీ తేమనూ ఎండ తాకిడినీ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాలంటుంది. కొలిచే పరికరాన్ని నీడలో పెడితే అంకె తగ్గుతుందన్నది తెలియని ఫోర్‌మన్ ఉండడు. స్లాబ్ పోత సగంలో ఉండి కాంక్రీటు లారీ గేటు దగ్గర నిలిచిన వేళ ఆ పరికరం ఎక్కడ ఉందో అడిగే ఇంజనీరే నాయకుడు. ఇటువంటి ప్రశ్నలు కలిసి తేల్చుకోవడానికి 30 మందికి తగ్గని సంస్థల్లో యాజమాన్యమూ కార్మికులూ సమానంగా ఉండే ఉమ్మడి కమిటీలకు కార్మిక చట్టం వీలు కల్పించింది గాని, వలస కార్మికులకు సంఘం పెట్టుకొనే హక్కు ఇవ్వలేదు. కాబట్టి కమిటీకి ఉండే బలం దాన్ని వినే అధికారి ఇచ్చినంతే.

వేడి తన ఆరోగ్యానికి ముప్పు అని నమ్మే కారణముంటే పని ఆపే హక్కును 2021 నాటి ఆ నిర్ణయమే కార్మికునికి ఇచ్చింది. అయితే వీసా కోసం ఊళ్లో వడ్డీకి తెచ్చిన అప్పు మోస్తున్నవాడు ఆ హక్కును వాడుకుంటాడా లేదా అన్నది, అంతకుముందు దాన్ని వాడుకున్న తోటివాడి పేరు మరునాటి టైమ్‌షీట్‌లో ఎలా రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది.